తొంభై రోజుల లెక్క: అమెరికాలో ఎమ్మెస్ తర్వాత ఉద్యోగ వేట

అమెరికాలో ఏ కంపెనీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టినా చివరి పేజీలో సాధారణంగా రెండు ప్రశ్నలుంటాయి. అమెరికాలో పనిచేయడానికి మీకు చట్టబద్ధమైన అనుమతి ఉందా అన్నది మొదటిది. ఇప్పుడు గానీ, ఇకముందు గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్, అంటే కంపెనీయే మీ తరఫున వీసాకు దరఖాస్తు పెట్టడం, అవసరం పడుతుందా అన్నది రెండోది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువు ముగించుకుని, ఆపైన కొంతకాలం పనిచేసుకోనిచ్చే ఓపీటీ కార్డు చేతిలో పెట్టుకుని, తర్వాత కూడా అక్కడే పనిచేయాలనుకునే విద్యార్థి నిజం చెప్పదలిస్తే రెండింటికీ 'అవును' అనే నొక్కాలి. ఆ రెండో 'అవును' తర్వాత చాలాసార్లు రెజ్యూమె మనిషి కంట పడకుండానే పక్కకు పోతుంది.

'కాదు' అని పెట్టేయి, ఇంటర్వ్యూ అయ్యాక చూసుకోవచ్చు అని సలహా ఇచ్చే సీనియర్లు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఉంటారు. ఆ సలహా విన్నవాళ్లలో కొందరు నాలుగు రౌండ్లు దాటి, ఆఫర్ దాకా వెళ్లి, కాగితాలు అడిగే దశలో దొరికిపోతారు. కంపెనీకి అప్పుడు కనిపించేది వీసా సమస్య ఒక్కటే కాదు, దరఖాస్తులో రాసిన అబద్ధం కూడా.

ఈ ప్రశ్న అడగడం వివక్ష కాదా అని చాలామందికి అనుమానం. అమెరికా వలస చట్టంలో పౌరసత్వం ఆధారంగా వివక్ష చూపకూడదన్న నిబంధన ఉన్నమాట నిజమే. కానీ అది కాపాడేది పౌరుల్ని, కొత్తగా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లని, శరణార్థుల్ని. ఎఫ్-1 విద్యార్థి ఆ జాబితాలో లేడు. స్పాన్సర్ చేయం అని కంపెనీ ముఖం మీదే చెప్పినా చట్టపరంగా చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. రక్షణ రంగానికి, అంతరిక్ష సాంకేతికతకు సంబంధించిన కంపెనీలైతే ఎగుమతుల నియంత్రణ నిబంధనల కారణంగా సాధారణంగా పౌరులకో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకో పని ఇస్తాయి. యూనివర్సిటీ కెరీర్ ఫెయిర్‌లో అరగంట క్యూలో నిలబడి రెజ్యూమె చాపితే, టేబుల్ వెనకున్నాయన మొదటి మాటగా 'పౌరసత్వం ఉందా' అని అడగడం అక్కడ మామూలే.

అక్కడికి వెళ్తున్నవాళ్ల సంఖ్య చూస్తే ఈ రెండో ప్రశ్న ఎంతమంది మెడ మీద ఉందో తెలుస్తుంది. అమెరికాలోని విదేశీ విద్యార్థుల లెక్కలు ఏటా ఇచ్చే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో 97,556 మంది ఓపీటీలో, అంటే చదువైపోయి ఉద్యోగంలోనో ఉద్యోగ వేటలోనో ఉన్నారు. మరుసటి ఏడాది ఓపీటీలో ఉన్న భారతీయులు 1,43,740కి చేరారు. ఒక్క ఏడాదిలో దాదాపు సగం పెరుగుదల. భారతీయ విద్యార్థుల్లో సగానికి పైగా రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లేనని హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ అధికారులు 2024లో చెప్పారు. కాబట్టి ఇది మన ఇళ్ల లెక్క కూడా.

క్యాలెండర్ ముందు, కోడింగ్ తర్వాత

ఈ వేటలో ఓడిపోయినవాళ్లను చూసి 'స్కిల్స్ లేవు' అనేయడం తేలిక. కొందరి విషయంలో అది నిజం కూడా. కానీ దగ్గరగా చూస్తే ఎక్కువమందిని దెబ్బతీసేది తారీఖులు.

ఓపీటీ అంటే చదివిన రంగంలోనే పన్నెండు నెలలు పనిచేసుకునే అనుమతి. దీనికి కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఓపీటీ ఏ రోజు మొదలవ్వాలో విద్యార్థే ఎంచుకోవాలి, అదీ ఆ 60 రోజుల లోపల. ఇక్కడే అసలు మెలిక ఉంది. ఓపీటీ మొదలైన రోజు నుంచి ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు మాత్రమే ఉండొచ్చు. శని, ఆదివారాలు, పండుగలు అన్నీ లెక్కలోకే వస్తాయి. మధ్యలో ఉద్యోగం వచ్చి పోతే, మిగిలిన రోజుల నుంచి లెక్క మళ్లీ సాగుతుంది.

మే 10న కోర్సు ముగిసే అమ్మాయి ఉందనుకుందాం. ఓపీటీ మే 11న మొదలుపెట్టమని కోరి, అది సకాలంలో మంజూరైతే ఆమె 90 రోజులు ఆగస్టు 8తో అయిపోతాయి. జులై 9న మొదలుపెట్టమంటే అక్టోబర్ 6 దాకా సమయం. ఫారంలో ఒక్క తేదీ మార్చితే రెండు నెలలు కలిసొస్తాయి. ముందే ఆఫర్ ఉండి జూన్‌లో చేరాల్సినవాళ్లు ముందు తేదీ పెట్టుకోవాలి, లేనివాళ్లు వెనక తేదీ పెట్టుకోవాలి. చాలామంది మాత్రం రూమ్మేట్ ఏ తేదీ పెడితే అదే పెట్టేస్తారు.

సైన్స్, ఇంజినీరింగ్, గణితం కోర్సుల వాళ్లకు మరో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. దాన్నే స్టెమ్ ఓపీటీ అంటారు. 2008లో 17 నెలలుగా మొదలై, 2016లో 24 అయింది. దానితో పాటు ఖాళీగా ఉండగలిగే రోజులు మొత్తం మీద 150కి పెరుగుతాయి. కానీ కంపెనీ 'ఈ-వెరిఫై' అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండాలి, విద్యార్థికి ఏం నేర్పుతుందో ఐ-983 అనే ఫారంలో రాసివ్వాలి, జీతం ఇచ్చి తీరాలి. చిన్న స్టార్టప్‌లో సంబరంగా చేరి, పది నెలల తర్వాత ఆ కంపెనీ ఈ-వెరిఫైలో లేదని తెలుసుకున్నవాళ్లున్నారు. అందులో నమోదవడానికి కంపెనీకి రుసుమేమీ లేదు. చేరే ముందే అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు, పదో నెలలో హడావిడిగా అడిగితే కంగారుపడతారు.

ఈ చివరి తారీఖులన్నీ ఒక ఎత్తు. మొదటి తారీఖు ఇంకో ఎత్తు. పెద్ద కంపెనీలు వచ్చే ఏడాది మేలో పట్టా పుచ్చుకోబోయేవాళ్ల కోసం అంతకు ముందు ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే దరఖాస్తులు తెరుస్తాయి. వేసవి ఇంటర్న్‌షిప్‌లకూ అంతే. ఆగస్టులో డల్లాస్‌లోనో షికాగోలోనో దిగిన విద్యార్థి ఇంకా అద్దె గది, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, బియ్యం ఎక్కడ దొరుకుతాయి అన్న గొడవలో ఉండగానే, వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ తలుపులు తెరుచుకుని సగం మూసుకుపోతాయి కూడా. ఇంటర్న్‌షిప్ బాగా చేసినవాళ్లకు అదే కంపెనీ ఉద్యోగం ఇచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, అసలు ఉద్యోగ వేట విమానం దిగిన నెలలోనే మొదలైనట్టు.

జనవరిలో చేరే స్ప్రింగ్ ఇన్‌టేక్ వాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. చదువుతూ బయట ఇంటర్న్‌షిప్ చేయడానికి కావలసిన సీపీటీ అనుమతి సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం గడిచాకే దొరుకుతుంది. జనవరిలో చేరినవాళ్లకు మే నాటికి ఒక్క సెమిస్టర్ మాత్రమే పూర్తవుతుంది. మొదటి వేసవి అలా పోతుంది. కోర్సు మూడు సెమిస్టర్లలోనే అయిపోయే రకమైతే రెండో వేసవి అసలు రాదు. సీటు, వీసా స్లాట్ దొరికితే చాలని స్ప్రింగ్‌కి పంపించే మన కన్సల్టెంట్లు ఈ ఒక్క ముక్క చెప్పరు.

మన క్యాంపస్ అలవాటు

ఇంతమంది ఆలస్యంగా మేలుకోవడానికి సోమరితనం కారణం కాదు. మన ఇంజినీరింగ్ కాలేజీలో ఉద్యోగం అంటే కంపెనీ బస్సు దిగి మన దగ్గరికి వచ్చేది. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ నోటీసు పెడతాడు, ఆప్టిట్యూడ్ పరీక్ష, గ్రూప్ డిస్కషన్, టెక్నికల్, హెచ్‌ఆర్ అన్నీ ఒకటి రెండు రోజుల్లో అయిపోతాయి, సాయంత్రం జాబితా గోడకెక్కుతుంది. వందల మందిని ఒకే మూటగా తీసుకునే సర్వీస్ కంపెనీల పుణ్యమా అని ఈ పద్ధతి మనకు సహజంగా అనిపిస్తుంది. అమెరికా యూనివర్సిటీలో కెరీర్ సెంటర్ ఉంటుంది. అది రెజ్యూమె దిద్దిపెడుతుంది, ఏడాదికి రెండు మూడు సార్లు సంత లాంటిది జరుపుతుంది. అంతకు మించి బాధ్యత పెట్టుకోదు. ఉద్యోగం ఇప్పించడం తన పని అని ఆ యూనివర్సిటీ ఎప్పుడూ అనుకోలేదు. ఫీజు కట్టిన తండ్రి మాత్రం అలాగే అనుకుంటాడు.

దాంతో దరఖాస్తుల వరద మొదలవుతుంది. రోజుకు ముప్పై, నలభై చొప్పున లింక్డిన్‌లోనూ, కంపెనీల సైట్లలోనూ ఒకే రెజ్యూమె పెడుతూ పోవడం, ఎన్ని పెట్టామో ఎక్సెల్ షీట్‌లో లెక్క రాసుకోవడం. ఆ షీటు చూస్తే కష్టపడుతున్నట్టే ఉంటుంది. కానీ అవతల ఒక్క పోస్టుకు కొన్ని గంటల్లోనే వందల దరఖాస్తులు వచ్చి పడుతున్న చోట, ఇలా పెట్టిన ఐదువందలోదానికి మొదటిదానికంటే ఎక్కువ విలువేమీ ఉండదు. లోపల పనిచేసే ఒకరు రెఫర్ చేస్తే మాత్రం రెజ్యూమె కనీసం రిక్రూటర్ ముందుకు వెళ్లే అవకాశం పెరుగుతుంది. ఈ రెఫరల్ సంస్కృతిని మనవాళ్లు తొందరగానే పట్టుకున్నారు. పట్టుకుని చెడగొట్టారు కూడా. ముక్కూముఖం తెలియని సీనియర్‌కు 'హాయ్ అన్నా, రెఫర్ చేయగలరా' అని జాబ్ లింకు కూడా లేకుండా మెసేజ్ పెడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఏ పోస్టు, దాని నంబరు ఏమిటి, తనకు అది ఎందుకు సరిపోతుంది అన్నది మూడు వాక్యాల్లో రాసినవాళ్లకు జవాబు వస్తుంది.

బజారు పరిస్థితి కూడా కలిసిరాలేదు. 2022 మార్చి దాకా సున్నాకు దగ్గరగా ఉన్న అమెరికా వడ్డీ రేటు 2023 జులై నాటికి 5.25-5.50 శాతానికి ఎగబాకింది. చవకగా అప్పు దొరికిన రోజుల్లో ఎడాపెడా మనుషుల్ని తీసుకున్న టెక్ కంపెనీలు అదే ఊపులో తీసేశాయి. అలా బయటపడ్డ ఐదారేళ్ల అనుభవజ్ఞులు కొత్తవాళ్ల వరుసలోకే వచ్చి నిలబడ్డారు.

ఇంటర్వ్యూలో 'మేము' అనే మాట

కాల్ వచ్చిందనుకుందాం. ముందు ఆన్‌లైన్ అసెస్‌మెంట్, తర్వాత రిక్రూటర్‌తో పావుగంట మాట, ఆపైన టెక్నికల్ ఫోన్ రౌండ్, చివర్లో ఒకే రోజు వరసగా మూడో నాలుగో ఇంటర్వ్యూలు. మొదటి కాల్ నుంచి ఆఫర్ దాకా నెల, నెలన్నర పట్టడం మామూలే. తొంభై రోజుల్లో ఇలాంటివి వరసగా రెండు జరిగితే గొప్ప. కాబట్టి ఒక్కొక్కటీ ఖరీదైనదే.

కోడింగ్ రౌండ్‌లో లెక్కలు రాక ఓడిపోయేవాళ్లు మనలో తక్కువ. కోడింగ్ సాధన చేసే లీట్‌కోడ్ సైటులో నాలుగైదు వందల లెక్కలు చేసినవాళ్లు కోకొల్లలు. పోయేది మౌనం వల్ల. పదో తరగతి నుంచి ఎంసెట్ దాకా మన పరీక్షలన్నీ నోరు మూసుకుని రాసేవే. సరైన ఆప్షన్ దిద్దామా లేదా అన్నదే లెక్క. అదే అలవాటుతో ప్రశ్న వినగానే తల వంచుకుని, ఇరవై నిమిషాలు మాట లేకుండా, తప్పులేని కోడ్ రాసేసి తలెత్తుతారు. ఎదుటి మనిషికి అందులో కనిపించేది బట్టీ. ఆయన చూడదలచుకున్నది దారి: ఇన్‌పుట్ ఎంత పెద్దది, ఖాళీగా వస్తే ఏం చేయాలి అని ముందు అడిగాడా, మొదట తోచిన మొరటు పద్ధతి చెప్పి అది ఎందుకు నెమ్మదిగా నడుస్తుందో వివరించాడా, సూచన ఇస్తే అందుకున్నాడా. కోడ్ సగంలో ఆగినా మాట స్పష్టంగా ఉంటే గట్టెక్కినవాళ్లున్నారు.

అసలు తడబాటు బిహేవియరల్ రౌండ్‌లో. అమెజాన్ లాంటి చోట దీనికోసం పదహారు 'లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్' రాసిపెట్టుకుని, ఒక్కో ఇంటర్వ్యూవర్ వాటిలో కొన్నింటిని పట్టుకుని అడుగుతాడు. టీమ్‌లో ఎవరితోనైనా విభేదం వచ్చిన సందర్భం చెప్పండి అంటారు. మన కుర్రాడు నవ్వి, 'మా టీమ్‌లో గొడవలేం లేవండి, అందరం కలిసే చేశాం' అంటాడు. మన దగ్గర అది మర్యాద. అక్కడ ఆ జవాబుకు మార్కులు ఉండవు, ఎందుకంటే విభేదం లేని చోట ఈయన సొంతంగా ఆలోచించినట్టు రుజువు లేదు. మీ వైఫల్యం ఒకటి చెప్పండి అంటే, 'నేను మరీ ఎక్కువ కష్టపడతాను' లాంటి యూట్యూబ్ జవాబు వస్తుంది. ప్రాజెక్టులో మీరేం చేశారు అంటే 'మేము డేటా తీసుకున్నాం, మేము మోడల్ కట్టాం' అని సాగుతుంది. 'నేను' అనడం డాంబికం అని పెంచిన ఇళ్ల పిల్లలు మరి. ఇంటర్వ్యూవర్ కాగితం మీద మాత్రం 'ఈయన పాత్ర తేలలేదు' అని పడుతుంది. పరిస్థితి ఏమిటి, తన వంతు పని ఏమిటి, తాను ఏం చేశాడు, ఫలితం ఏమైంది అన్న నాలుగు మెట్ల పద్ధతి అందరికీ తెలుసు. మూడో మెట్టు మీద 'నేను' అనడానికి నోరు తిరగడమే కష్టం.

భాష సంగతీ కొంత ఉంది. ఇంగ్లిష్ రాదని కాదు, మన ఇంగ్లిష్ వేరు. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అంటే మనకు డిగ్రీ అయిపోయిందని అర్థం, అమెరికన్‌కు స్పృహ తప్పి పడిపోయాడని వినిపిస్తుంది. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మనకు ప్రశ్న, వాళ్లకు తమ మాట మీద అపనమ్మకం. జూమ్ కాల్‌లో మనం తల అటూ ఇటూ ఊపితే అవునో కాదో వాళ్లకు తేలదు. 'సర్' అని పిలిస్తే నష్టం లేదు గానీ, పేరు పెట్టి పిలవమని ఆయన చెప్పాక కూడా ప్రతి వాక్యం చివరా 'సర్' తగిలిస్తుంటే రేపు మీటింగులో ఇతను ఎదురు మాట్లాడగలడా అన్న సందేహం పుడుతుంది. ఇవి చిన్నవే. కానీ నలుగురూ సమానంగా కోడ్ రాసిన రోజున ఇలాంటివే తూకం తిప్పుతాయి.

చివర్లో 'మమ్మల్ని ఏమైనా అడుగుతారా' అన్నప్పుడు 'నథింగ్ సర్, థ్యాంక్యూ' అనేయడం మరో మన అలవాటు. అదీ ఇంటర్వ్యూలో భాగమేనని బయటికి వచ్చాక తెలుస్తుంది.

గడియారాన్ని ఆపే కాగితం

అరవయ్యో రోజు దాటాక మాట మారుతుంది. అప్పటిదాకా కన్సల్టెన్సీల, అంటే తమ మనుషుల్ని వేరే కంపెనీల ప్రాజెక్టులకు పంపే సంస్థల, జోలికి వెళ్లనన్న విద్యార్థి కూడా ఫోన్ నంబర్లు వెతకడం మొదలుపెడతాడు. వీటిలో నిజంగా ప్రాజెక్టులు ఉండి, నిక్కచ్చిగా జీతమిచ్చి, హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా వేసేవి ఉన్నాయి. ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడింది వాటి ద్వారానే. మిగతావాటి పద్ధతి వేరు. గెస్ట్‌హౌస్‌లో పడక, నెల రోజుల ట్రైనింగ్, ఆపైన 'మార్కెటింగ్'. అంటే ఫ్రెషర్ రెజ్యూమెకు ఐదారేళ్ల అనుభవం అతికించి వెండర్లకు, అంటే మధ్యవర్తి కంపెనీలకు, పంపడం. ప్రాజెక్టు దొరికితే క్లయింట్ ఇచ్చే గంట రేటులో మధ్యనున్న వెండర్లందరూ తలా కొంత కోసుకున్నాక, మిగిలినదాన్ని 80-20 అనో 70-30 అనో పంచుకుంటారు. ప్రాజెక్టు దొరక్కపోతే జీతం లేదు, బెంచ్ మీద ఖాళీగా కూర్చోవడమే.

మరి ఎందుకు వెళ్తారు? అక్కడ విద్యార్థికి ముందుగా దొరికేది ఒక ఆఫర్ లెటర్. దాన్ని విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లోని తన రికార్డులో ఎక్కిస్తే తొంభై రోజుల లెక్క ఆగినట్టు కనిపిస్తుంది. జీతం తర్వాతి మాట. తొంభై రోజుల నిబంధన ఉన్నంత కాలం ఆ కాగితానికి గిరాకీ ఉంటుంది.

కనిపించడం వేరు, ఆగడం వేరు. పని లేకుండా కాగితం మీద ఉద్యోగం చూపిస్తే అది ఉద్యోగం కాదని అధికారుల వాదన. 2020 అక్టోబర్‌లో అమెరికా ఇమిగ్రేషన్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం, అసలు లేని కంపెనీల్లో పనిచేస్తున్నట్టు చూపించారంటూ 15 మంది ఓపీటీ విద్యార్థుల్ని అరెస్టు చేసింది. వాళ్లలో 11 మంది భారతీయులు. 2025 మేలో, 90 రోజులు దాటినా కంపెనీ వివరాలు నమోదు చేయనివాళ్లకు, 15 రోజుల్లో సరిచేసుకోకపోతే రికార్డు రద్దవుతుందని హెచ్చరికలు వెళ్లాయి. వీసా ప్రయోజనం కోసం తప్పుడు వివరాలిచ్చినట్టు తేలితే శాశ్వతంగా అమెరికా గడప తొక్కనివ్వని నిబంధన వలస చట్టంలో ఉంది. ఆరేళ్ల నకిలీ అనుభవం అతికించిన రెజ్యూమె ఏదో ఒక రోజు హెచ్-1బీ ఫైలు పక్కన కూర్చుంటుంది.

ప్రాక్సీ ఇంటర్వ్యూల వ్యవహారం ఇందులోంచే పుట్టింది. ఒకరు పెదవులు కదిలిస్తారు, తెర వెనక ఇంకొకరు మాట్లాడతారు. ఇప్పుడు ఆ ఇంకొకరి స్థానంలో ఏఐ వచ్చింది. ప్రశ్న వింటూ తెర మీద జవాబు రాసిపెట్టే సాధనాలు నెల చందాకు దొరుకుతున్నాయి. కంపెనీలు ఊరుకోలేదు. కనీసం ఒక రౌండ్ ముఖాముఖిగా పెడతామని గూగుల్ అధినేత సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. నిజాయితీగా చదువుకున్నవాడు కూడా ఇప్పుడు కెమెరాలో కళ్లు పక్కకు తిప్పితే అనుమానంగా చూస్తున్నారు. ఒకరి కక్కుర్తి ఇంకొకరి మెడకు చుట్టుకోవడం అంటే ఇదే.

లెక్క ఆపడానికి తిన్నని దారీ ఒకటుంది, ఎందుకో ఎక్కువమంది పట్టించుకోరు. మొదటి పన్నెండు నెలల ఓపీటీలో, చదివిన రంగంలోనే, వారానికి కనీసం 20 గంటలు, కార్మిక చట్టాలకు లోబడి జీతం లేకుండా చేసే పని కూడా ఉద్యోగం కిందే లెక్క. ప్రొఫెసర్ ల్యాబ్‌లోనో, స్వచ్ఛంద సంస్థలోనో ఆ పని దొరకొచ్చు. చేతికి డబ్బు రాదు, కానీ రెజ్యూమెలో నిజమైన పంక్తి ఒకటి చేరుతుంది. స్టెమ్ ఓపీటీలో మాత్రం ఇది చెల్లదు.

డబ్బు రాకపోతే ఎలా గడవాలన్నది న్యాయమైన ప్రశ్నే. 40 లక్షల విద్యా రుణం 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు దాదాపు 55 వేల రూపాయలు. కోర్సు అయ్యాక ఆరు నెలలో, ఏడాదో ఆగి బ్యాంకు వసూలు మొదలుపెడుతుంది. రోజూ రాత్రి వాట్సాప్ కాల్‌లో 'ఏమైంది నాన్నా, ఏమైనా వచ్చిందా' అని తల్లి అడిగే మాటలో ప్రేమ ఎంతుందో ఈ 55 వేలూ అంతే ఉంటాయి. దాంతో చాలామంది ఇంటికి ఫోన్ చేయడం తగ్గించేస్తారు, చేసినా ఇంటర్వ్యూలు అవుతున్నాయని చెబుతారు. టెన్షన్ రెండు వైపులా పెరుగుతుంది.

జీతం అంకె వెనక లాటరీ

ఉద్యోగం వచ్చినంత మాత్రాన స్పాన్సర్‌షిప్ గురించిన ఆ రెండో ప్రశ్న పోదు. స్టెమ్ ఓపీటీ అయిపోయేలోగా హెచ్-1బీ లాటరీలో పేరు రావాలి. ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు, అంతే. 2025 మార్చి లాటరీలో అర్హమైన రిజిస్ట్రేషన్లు 3,43,981 వస్తే 1,20,141 ఎంపికయ్యాయి. ఎంపికైనవాళ్లందరి పిటిషన్లూ పడవు కాబట్టి కోటా కంటే ఎక్కువమందిని తీస్తారు. అంటే నూటికి 35. మేలో పట్టా తీసుకున్నవాళ్లకు ఓపీటీ, స్టెమ్ ఓపీటీ కలిపి మూడు మార్చి నెలలు దొరుకుతాయి. ఏటా నూటికి 35 చొప్పున మూడుసార్లు ప్రయత్నిస్తే, కనీసం ఒకసారి తగిలే అవకాశం నూటికి 72 పైనే. ఈ లెక్క మీదే ఇన్నాళ్లూ కుటుంబాలు అప్పు చేశాయి.

ఆ లెక్క 2025లో రెండు చోట్ల తెగింది. సెప్టెంబర్ 19న వచ్చిన అధ్యక్ష ప్రకటనతో కొత్త హెచ్-1బీ పిటిషన్‌కు లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు ఇది వర్తించదని అక్టోబర్ 20న స్పష్టత ఇచ్చారు. విద్యార్థులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ తొంభై రోజులు అయిపోయి హైదరాబాద్ తిరిగొచ్చినవాళ్లకు దీని అర్థం వేరు. ఇదివరకు ఇక్కడి నుంచే ఏ కంపెనీ అయినా పిటిషన్ వేసి పిలిపించుకునే వీలుండేది. ఇప్పుడు ఒక ఫ్రెషర్ కోసం లక్ష డాలర్లు కట్టే కంపెనీ ఎక్కడుంది?

రెండోది లాటరీ స్వరూపమే మారడం. 2025 డిసెంబర్‌లో ఖరారై, 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం జీతం స్థాయిని బట్టి పేరు లాటరీలో పడుతుంది. నాలుగో స్థాయి జీతగాళ్ల పేరు నాలుగుసార్లు, మూడో స్థాయి వాళ్లది మూడుసార్లు, రెండో స్థాయికి రెండుసార్లు, మొదటి స్థాయికి ఒక్కసారి. మొదటి స్థాయి వాళ్లు ఎంపికయ్యే అవకాశం దాదాపు 15 శాతానికి పడిపోతుందని, నాలుగో స్థాయి వాళ్లకు 61 శాతానికి పెరుగుతుందని ప్రభుత్వమే అంచనా కట్టింది. చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరేవాళ్లు సహజంగా ఎక్కువగా ఉండేది మొదటి, రెండో స్థాయుల్లోనే.

అయితే ఈ స్థాయిల్ని దేశమంతటికీ ఒకే అంకెతో కొలవరు. ఏ వృత్తి, ఏ ప్రాంతం అన్నదాన్ని బట్టి కార్మిక శాఖ లెక్కలు వేరువేరుగా ఉంటాయి. ఒకే ఉద్యోగానికి ఒకే జీతం శాన్‌హోజేలో మొదటి స్థాయిలోనే ఆగిపోవచ్చు, జీతాలు తక్కువుండే ఒహాయోలోని చిన్న పట్టణంలో రెండో, మూడో స్థాయిని అందుకోవచ్చు. పెద్ద పేరున్న కంపెనీ, పెద్ద నగరం అని ఎగబడే అలవాటుకు ఇది అడ్డం తిరిగే సంగతి. ఆఫర్ లెటర్ వచ్చాక జీతం గురించి బేరమాడడం మనవాళ్లకు మొహమాటం, ఇచ్చిందే మహాప్రసాదం అనుకుంటారు. ఇప్పుడు ఆ ఉత్తరంలో వృత్తి కోడ్ ఏం రాశారు, పనిచేసే ఊరు ఏది, ఇంకో మూడు నాలుగు వేల డాలర్లు పెంచితే పై స్థాయి అందుతుందా అన్నవి అడిగి తేల్చుకోవలసినవి. పై స్థాయి అందితే వచ్చే మార్చిలో పేరు ఒకసారికి బదులు రెండుసార్లు పడుతుంది.